మాఘంల పెళ్లి, మొఖానికి లైట్ పీల్ చేయించుకోవచ్చా? మన రంగుకు, మన ఎండలకు పడ్తదా?

పాలమూరుపిల్ల (మహబూబ్‌నగర్)

అందరికి నమస్తే. మాది పాలమూరు, మెట్టుగడ్డ దిక్కు. డిగ్రీ చదివేటప్పుడు మొటిమలు మస్తు లేసినయ్. ఇప్పుడు తగ్గినయ్ గానీ రెండు చెంపల మీద గోధుమరంగు మచ్చలు అట్లనే ఉండిపోయినయ్. గదుమ కాడ ఇంకా అప్పుడప్పుడు లేస్తనే ఉంటయ్. చామనఛాయ, జిడ్డు మొఖం. మాఘంల పెళ్లి పెట్టుకున్నరు.

మా పెద్దమ్మ బిడ్డ హైదరాబాద్‌ల గ్లైకాలిక్ పీల్ (మొఖానికి యాసిడ్ మందు రాసి చర్మం పైపొర రాల్చేది) చేయించుకున్నది, ఆమెకు మంచిగనే అయింది. మా గల్లీల పార్లర్ ఆమె కూడ "నేను చేస్త, సగం పైసలకే" అంటున్నది. మా అమ్మకేమో యాసిడ్ అన్న మాట ఇంటేనే దడ. "పెళ్లి ముంగట మొఖం మీద ఇవేం పనులు బిడ్డా" అంటది. చేయించుకున్నోళ్లు, తెలిసినోళ్లు జర ఉన్నదున్నట్టు చెప్పండి. ఎన్నిసార్లు పడ్తది? ఎంత ముందు మొదలుపెట్టాలె? పనికి పోవచ్చా? రోజూ జడ్చర్లకు బస్సుల పోయొస్త.

మిర్యాలగూడ వదినె

ముందుగాల పెళ్లికూతురికి దీవెనలు. నేను పోయినేడు చలికాలంల సాలిసిలిక్ పీల్ చేయించుకున్న, చర్మం డాక్టర్ దగ్గరనే. నాది కూడ నీ లెక్కనే జిడ్డు మొఖం, ముక్కు నిండ బ్లాక్‌హెడ్స్.

అమ్మకు ధైర్యం వచ్చేటట్టు ఎట్ల చేస్తరో చెప్త. మొఖం కడిగించి, స్పిరిట్ అసొంటి దాంతోని జిడ్డంతా తుడిచింది డాక్టరమ్మ. కండ్ల మూలలకు, ముక్కు అంచులకు, పెదవులకు వ్యాజలైన్ దట్టంగ పెట్టింది. అక్కడ చర్మం పల్చగుంటది, మందు పోయి నిలుస్తదట. చేతికి చిన్న ఫ్యాన్ ఇచ్చి పట్టుకోమన్నది. దూదితోని నుదురు కాడ మొదలుపెట్టి, చెంపలు, ముక్కు, గదుమ రాసింది. కండ్ల కిందికి పోనియ్యలే. ముందుగాల చురచురమన్నది, మంట బాగనే ఉండె, మళ్ల తిమ్మిరెక్కినట్టయి దానంతట అదే తగ్గింది. అద్దంల చూస్తే తెల్లగ పౌడర్ పేరుకున్నట్టు ఉన్నది. నేను భయపడ్డ. "అది మందే, ఆరి తెల్లగయింది, నీ చర్మం కాదు" అని చెప్పి చల్లనీళ్లతోని కడిగిచ్చింది. అంతే, లేచి ఇంటికొచ్చిన.

మళ్ల నోటి పక్కల, ముక్కు పక్కల ఉల్లిపొట్టు లెక్క పొరలు లేసినయ్. గోకబుద్ధి అయితది, చెయ్యి పెట్టొద్దు. మొదటిసారికి పెద్ద తేడా కనవడలే. పోంగపోంగ బ్లాక్‌హెడ్స్ తగ్గినయ్, మచ్చలు పల్చవడ్డయ్. కానీ పాత మొటిమల గుంతలు మాత్రం ఉన్నకాడనే ఉన్నయ్, దాని మీద ఆశ పెట్టుకోకు.

డీవీఎల్ పీజీ (నల్గొండ)

నేను చర్మవ్యాధుల విభాగంలో పీజీ చేస్తున్నాను. వదినె గారు చెప్పింది చాలా సరిగ్గా ఉంది. దానికి వెనకాల జరిగేది కొంచెం చెప్తాను.

మన చర్మం పైపొర కణాలు ఎప్పుడూ కింద పుడుతూ, పైకి వస్తూ, రాలిపోతూ ఉంటాయి. లైట్ పీల్ అంటే ఆ పైపొర వరకే పనిచేసే మందు. పాత కణాలను పట్టి ఉంచే అతుకును వదులు చేసి, అవి తొందరగా రాలేలా చేస్తుంది. వాటితో పాటు అక్కడ చేరిన రంగు కొంత పోతుంది, మూసుకుపోయిన రంధ్రాలు తెరుచుకుంటాయి. కాబట్టి పైపొరలో ఉన్న సమస్యలకే ఇది పనికొస్తుంది. మొటిమలు, మొటిమలు మానాక మిగిలిన నల్ల మచ్చలు, గరుకుదనం, కొంతవరకు మంగు మచ్చలు. గుంతలు లోపలి పొరలో ఉంటాయి. వాటికి మైక్రోనీడ్లింగ్ (సన్నని సూదులతో గుచ్చడం), లేజర్, గుంత ఒక్కదానిలోనే గాఢమైన టీసీఏ (ట్రైక్లోరోఅసిటిక్ ఆమ్లం) చుక్క పెట్టడం వంటివి వేరే ఉన్నాయి.

రకాల సంగతి. గ్లైకాలిక్ మొదట చెరకు నుంచి వచ్చిన ఆమ్లం. దాని అణువు చాలా చిన్నది, గబగబా లోపలికి దిగుతుంది. అందుకే దాన్ని ముఖం మీద నిమిషాల లెక్కన మాత్రమే ఉంచి, బైకార్బొనేట్ ద్రావణంతో విరిచేయాలి లేదా నీళ్లతో బాగా కడిగేయాలి. ఆలస్యమైతే కాలుతుంది. సాలిసిలిక్ నూనెలో కరిగేది కాబట్టి జిడ్డు రంధ్రాల్లోకి పోతుంది, మొటిమల ముఖానికి బాగా సరిపోతుంది. ద్రవం ఆరగానే అది పొడిగా పేరుకుని తనంతట తానే ఆగుతుంది. వదినె గారు చూసిన తెల్లదనం అదే. టీసీఏలో వచ్చే తెల్లదనం అది కాదు, అది చర్మంలోని ప్రోటీన్ గడ్డకట్టడం, కాబట్టి అది తెలిసినవాళ్ల చేతిలోనే ఉండాలి. మాండెలిక్ అణువు పెద్దది, నెమ్మదిగా దిగుతుంది, సున్నితమైన చర్మానికీ ముదురు రంగుకూ నప్పుతుంది. లాక్టిక్ పొడి చర్మానికి మేలు. మామూలుగా క్లినిక్‌లో సాలిసిలిక్ 20 నుంచి 30 శాతం, గ్లైకాలిక్ 20 శాతంతో మొదలుపెట్టి చర్మం తట్టుకునేదాన్ని బట్టి పెంచుతారు. శాతం ఒక్కటే చూడకండి. పీహెచ్ అంటే ఆమ్లం ఘాటును చెప్పే కొలత, అది ఎంత తక్కువగా ఉంటే అంత కరుకు. సీసా మీద 30 అని ఉన్న రెండు మందులు ఒక్కలాగే పనిచేయవు.

పాలమూరుపిల్ల గారూ, మీ అమ్మగారితో చెప్పండి, ఇది నిన్నమొన్న వచ్చిన ఫ్యాషన్ కాదు. పాల్ గెర్సన్ ఉన్నా అనే జర్మనీ చర్మవైద్యుడు 1882లోనే సాలిసిలిక్, టీసీఏ వంటివి చర్మం మీద ఎలా పనిచేస్తాయో రాశాడు.

మన దగ్గర అసలు జాగ్రత్త వేరే. చర్మం ఎండకు కమిలిపోతుందా, నల్లబడుతుందా అని చూసే లెక్కను ఫిట్జ్‌ప్యాట్రిక్ అనే అమెరికా వైద్యుడు 1975లో మొదలుపెట్టాడు, తర్వాత దాన్ని పెంచి చర్మాన్ని తెలుపు నుంచి నలుపు దాకా ఆరు రకాలుగా విభజించారు. మనలో ఎక్కువమందిది నాలుగో, ఐదో రకం. ఈ చర్మం ఎండకు తట్టుకుంటుంది కానీ ఎక్కడ మంట పుట్టినా అక్కడ నల్లమచ్చ మిగులుస్తుంది. మీ చెంపల మీద ఉన్నవీ అవే. మొటిమ మానింది, మంట తాలూకు రంగు మిగిలింది. పీల్‌తో చర్మాన్ని మళ్లీ అదే మంటకు గురిచేస్తే, పోగొట్టుకోవాలనుకున్న మచ్చే ఇంకా పెద్దదై వస్తుంది. అందుకే మనకు తక్కువ శాతం, ఎక్కువ సార్లు, మధ్యలో రెండు నుంచి నాలుగు వారాల ఎడం. ఫీనాల్‌తో చేసే లోతు పీల్ మన రంగుకు అసలు వద్దనే అంటారు. అది గుండె లయను కూడా దెబ్బతీయగలదు.

పానగల్లు చెరువు కట్ట

డాక్టర్ గారూ, మాది నల్గొండ పక్కనే. మా ఊర్ల చాలామంది మొఖం మీద మచ్చలకు ఫ్లోరైడ్ నీళ్లే కారణం అంటరు. అట్లయితే పీల్ చేయించుకున్నా మళ్లొస్తయ్ కదా?

డీవీఎల్ పీజీ (నల్గొండ)

లేదండీ. ఫ్లోరైడ్ పళ్లను, ఎముకలను దెబ్బతీస్తుంది. మర్రిగూడ, మునుగోడు వైపు మనం కళ్లారా చూసిందే. ముఖం మీద మంగు మచ్చలకు కారణాలు ఎండ, హార్మోన్లు, గర్భం, కుటుంబంలో ఉండటం. నీళ్ల మీదికి నెట్టేసి ఎండను వదిలేస్తే మచ్చ ఎప్పటికీ పోదు.

కోయిల్‌సాగర్ నీడ

నేను ఇది రాయకుండ ఉండలేను. మా చెల్లెకు పార్లర్‌ల పీల్ చేసిన్రు. పేరు రాయను. ఏం మందో సీసా చూపెట్టలే, ఎంత శాతమో చెప్పలే. అంతకుముందు రోజే అదే పార్లర్‌ల థ్రెడింగు, బ్లీచింగు కూడ చేసిన్రు. మంటగ ఉన్నదక్కా అని పిల్ల మొత్తుకుంటుంటే "మంటుంటేనే పనిచేస్తున్నట్టు" అని ఇంకా ఉంచిన్రు. కడిగినంక చెంపల ఎముకల మీద ఎర్రగ కమిలిపోయింది, మళ్ల గోధుమరంగు పెచ్చు కట్టింది. మూడో దినంకెల్లి కాలేజీకి పోయింది, ఎండల బస్టాండ్‌ల నిలవడ్డది. పెచ్చు ఊడినంక రెండు చెంపలకు నల్ల పట్టీలు మిగిలినయ్. డాక్టర్ దగ్గరికి తీస్కపోతే తగ్గుతది గానీ నెలలు పడ్తది అన్నడు. పిల్ల పుస్తె కట్టే ఫోటోలకు కూడ రానన్నది, మా అన్న పెండ్లికి. సగం పైసలకు అంటే నేనైతే ఆ దిక్కే చూడొద్దంట.

ఓపీ సిస్టర్ (సూర్యాపేట)

కోయిల్‌సాగర్ గారు, మీ చెల్లెకు ఎండల తిరగకుండ కాపాడుకుంటే మెల్లగ పోతది, ధైర్యం చెప్పండి.

నేను స్కిన్ ఓపీల చాన ఏండ్లు పని చేసిన నర్సును. అందరికి ఒకటి చెప్పాలె. పీల్ చేసే నిమిషాలు చిన్న పని. అంతకుముందు అడిగే మాటలు పెద్ద పని. అడగనోళ్ల దగ్గర కూర్చోకండి. నోటి చుట్టు, పెదవుల మీద ఎప్పుడన్న నీటి పొక్కులు, అదే జ్వరం పొక్కులు లేస్తయా? లేస్తే ముందుగాలనే యాసైక్లోవిర్ గోళీలు ఇస్తరు, లేకుంటె పీల్ తర్వాత మొఖమంతా పాకొచ్చు. ఆస్పిరిన్ గోళీ పడదా? అట్లయితే సాలిసిలిక్ వద్దు. గర్భమా, పాలిచ్చే తల్లా? మొటిమలకు ఐసోట్రెటినాయిన్ గోళీలు వాడుతున్నరా? వాడితే చెప్పాలె, ఆపి ఎంతకాలమైందో చూసి డాక్టర్ చెప్తరు. రాత్రి పూసే ట్రెటినాయిన్, అడాపలిన్ క్రీములు కొన్ని రోజుల ముందే ఆపమంటరు. దెబ్బ తగిలితే గడ్డలు కట్టే ఒళ్లా? ఇవన్నీ అడగాలె.

ఇంకొకటి, ఇది నా మనసుల బాధ. ఓపీకి వచ్చే ఆడపిల్లలను "ఏం పూస్తున్నవ్ బిడ్డా" అనడిగితే సగం మంది సంచిల కెల్లి ఒక స్టెరాయిడ్ ట్యూబు తీస్తరు. మెడికల్ షాపుల అడిగితే ఇచ్చిండు, పక్కింటామె చెప్పింది, తెల్లగయితరన్నరు. ముందుగాల నిగనిగలాడుతది, అది నిజమే. కొన్ని నెలలకు మొఖం పల్చబడ్తది, ఎర్ర నరాలు తేల్తయ్, మొటిమలు గుంపులుగ లేస్తయ్, ఆపితే భగ్గున మండుతది. గట్లాంటి మొఖం మీద పీల్ పెడితే పుండే. 2018ల కేంద్రం చాన స్టెరాయిడ్ క్రీములను డాక్టర్ చీటీ లేకుంటె అమ్మొద్దని షెడ్యూల్ హెచ్‌ల పెట్టింది. చీటీ లేకుండ ఇస్తే తీసుకోకండి. మీ ఇంట్ల అట్లాంటి ట్యూబు ఉంటే, పీల్ కన్న ముందు దాన్ని పట్టుకపోయి డాక్టర్‌కు చూపియ్యండి. పాలమూరు పెద్దాస్పత్రి, నల్గొండ, మా సూర్యాపేట, అన్ని చోట్ల గవర్నమెంట్ మెడికల్ కాలేజీలున్నయ్ కదా, స్కిన్ ఓపీ చీటీ రాయించుకుంటే చూస్తరు. బిబినగర్ ఎయిమ్స్ కూడ ఉన్నది. ఆడోళ్లకు బస్సు పైసలు కూడ లేవాయె.

పీల్‌తోని చామనఛాయ తెల్లరంగు కాదు బిడ్డా. మచ్చ పోయి నీ రంగు నీకు ఒక్క తీరుగ వస్తది. గంతకన్న ఎక్కువ మాటిచ్చేటోళ్లను నమ్మొద్దు.

జడ్చర్ల బస్టాండ్

ఇన్ని కష్టాలెందుకండీ. మా నానమ్మ శనగపిండి, పసుపు, నిమ్మకాయతోని నలుగు పెట్టేది. ఆన్‌లైన్‌ల ఎర్రరంగు పీలింగ్ సీరం కూడ వస్తున్నది, ఇంట్లనే పదినిమిషాలు. అదే వాడుతున్న, ఏం కాలే.

డీవీఎల్ పీజీ (నల్గొండ)

మీకు పడింది కాబట్టి సంతోషమే. ఆ సీరం పీహెచ్ క్లినిక్ మందుకంటే ఎక్కువ ఉంచుతారు కాబట్టి మెతకగా ఉంటుంది. అయినా రోజూ పూసేవాళ్లు, మొటిమ గిల్లి పచ్చిగా ఉన్నచోట పూసేవాళ్లు కాల్చుకుని వస్తున్నారు. పెళ్లి ముంగట కొత్తది ఇంట్లో మొదలుపెట్టడం నాకు ఇష్టం లేదు.

నిమ్మకాయ మాత్రం పూర్తిగా మానేయండి. నిమ్మజాతి రసం పూసుకుని ఎండలోకి పోతే ఆ రసంలోని పదార్థాలు ఎండతో కలిసి చర్మాన్ని పొక్కిస్తాయి, నల్ల చారలు మిగులుస్తాయి. నలుగు మామూలు చర్మానికి పెట్టుకోండి, మన సంప్రదాయం, ఎవరు కాదంటారు. పీల్ తర్వాత పొట్టు రాలడం ఆగేదాకా మాత్రం నలుగు, స్క్రబ్బు, తువ్వాలుతో రుద్దడం ఏదీ వద్దు.

మిర్యాలగూడ వదినె

మంచిగ చెప్పిన్రు సార్. మా దిక్కు పెళ్లికూతురిని చేసే రోజు మేనత్తలంత కలిసి మొఖం తోమి పెడ్తరు. ఆ రోజుకు చర్మం గట్టిపడి ఉండాలె కదా. చెల్లే, తారీఖులు ఆ లెక్కన చూసుకో.

దేవరకొండ అమ్మ

నా బిడ్డకు పదహారేండ్లు. మొఖం మంచిగనే ఉన్నది గానీ మెడ చుట్టు నల్లగ, మందంగ, ముట్టుకుంటె మెత్తగ మఖ్మల్ తీరుగ అయింది. ఎంత తోమినా పోతలే. స్కూల్‌ల పిల్లలు "స్నానం చెయ్యవా" అంటరట, ఇంటికొచ్చి ఏడుస్తది. దీనికి పీల్ చేస్తరా?

డీవీఎల్ పీజీ (నల్గొండ)

అమ్మా, ఇక ఆ మెడను తోమకండి, అది మురికి కాదు. మీరు చెప్పిన తీరు చూస్తే అకాంథోసిస్ నైగ్రికాన్స్ అనిపిస్తోంది. ఒంట్లో ఇన్సులిన్ సరిగ్గా పనిచేయనప్పుడు మెడ, చంకలు ఇలా మందంగా నల్లబడతాయి. ముందు పాప బరువు, షుగర్ పరీక్ష చేయించండి. నెలసరి తప్పుతోందా, పై పెదవి మీద వెంట్రుకలు ఎక్కువవుతున్నాయా కూడా డాక్టర్‌కు చెప్పండి, పీసీఓఎస్ (అండాశయాల హార్మోన్ సమస్య) ఉందేమో చూస్తారు. బరువు తగ్గి ఇన్సులిన్ దారికొస్తే మెడ దానంతట అదే తేలికపడుతుంది. పీల్ చేసినా అసలు కారణం వదిలేస్తే మళ్లీ వస్తుంది. పాపను ఎవరైనా మురికి అన్నారంటే అది వాళ్ల తెలియనితనం, పాప తప్పు కాదని ఆమెకు చెప్పండి.

దేవరకొండ అమ్మ

సల్లగుండు బిడ్డా. రేపే తీస్కపోత.

కోయిల్‌సాగర్ నీడ

మా అమ్మకు నుదురు, చెంపలు బూడిదరంగు నలుపు అయినయ్. ఆమె జుట్టుకు రంగేసినప్పుడల్లా నుదురు దురద పెడ్తది. దానికేమన్న సంబంధం ఉన్నదా?

ఓపీ సిస్టర్ (సూర్యాపేట)

ఉండొచ్చు. హెయిర్ డైల పీపీడీ అనే మందుంటది, అది పడనోళ్లకు దురద లేకున్నా మొఖం నల్లబడ్తది. కొందరికి బజార్ల రంగు కలిపిన కుంకుమ కూడ పడదు, బొట్టు పెట్టే కాడనే నలుపు తేల్తది. పీల్ మాట తర్వాత. ముందుగాల డై ఆపి, చర్మం డాక్టర్ దగ్గర ప్యాచ్ టెస్టు (ఏది పడదో చర్మం మీద కొంచెం అంటించి చూసేది) చేయించండి.

పాలమూరుపిల్ల (మహబూబ్‌నగర్)

మీరందరు ఇంత ఓపికతోని రాసిన్రు, అమ్మకు మొత్తం చదివి వినిపించిన. చర్మం డాక్టర్ దగ్గరికి ఇద్దరం పోయొచ్చినం. బోర్డు మీద ఎం.డి. డి.వి.ఎల్. (చర్మం డాక్టర్ల పెద్ద చదువు) అని, మెడికల్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ నంబరు చూసినంకనే లోపలికి పోయినం.

డాక్టరమ్మ ఏమన్నదంటే, గదుమ కాడ మొటిమలు ఇంకా లేస్తున్నయ్ కాబట్టి ముందుగాల వాటికి మందు. పొద్దున సన్‌స్క్రీన్, రాత్రి ఒక క్రీము, కొన్ని వారాలు చర్మాన్ని తయారు చెయ్యాలన్నది. దాన్ని ప్రైమింగ్ అంటరట. సన్‌స్క్రీన్ సరిగ్గ పెడ్తున్ననా లేదా చూసినంకనే పీల్ అన్నది, "ఇది చెయ్యనోళ్లకు నేను పీల్ పెట్టను" అని మొఖం మీదనే చెప్పింది. సాలిసిలిక్‌తోనే మొదలు, చెవి వెనుక కొంచెం పెట్టి చూస్తదట. చివరి సిట్టింగ్‌కు, పెళ్లికి నడుమ ఒక నెలన్న ఉండాలన్నది. అందాక తగ్గింది తగ్గుతది, మిగిలింది పెళ్లయినంక చూసుకుందాం, తొందరపడితే మచ్చతోని పీటల మీద కూసుంటవ్ అన్నది. అమ్మకు ఆమె మస్తు నచ్చింది.

సన్‌స్క్రీన్ సంగతే నాకు అర్థం కాలే. ఎస్‌పీఎఫ్ (ఎండను ఎంత ఆపుతదో చెప్పే లెక్క) 30 అని రాసిచ్చింది. పెడితే మొఖం తెల్లగ సున్నం కొట్టినట్టయితది, గంటకే చెమటకు కారుతది. మా ఆఫీసుల నవ్వుతరు.

ఓపీ సిస్టర్ (సూర్యాపేట)

తెల్లగ అయ్యేది జింకు, టైటానియం ఎక్కువున్నది. డాక్టర్‌ను అడిగి జెల్ రకం తీసుకో, నీది జిడ్డు మొఖం కదా. మచ్చలున్నోళ్లకు చర్మం రంగు కలిపిన టింటెడ్ సన్‌స్క్రీన్ ఇంకా మంచిది, దాంట్ల ఐరన్ ఆక్సైడ్ ఉంటది, కంటికి కనవడే వెలుతురును కూడ ఆపుతది, తెల్లగ కూడ కాదు. చూపుడు వేలు, నడిపి వేలు పొడుగుత పిండుకుంటె మొఖానికి, మెడకు సరిపోతది. బఠాణీ గింజంత పెడితే పెట్టనట్టే. బయట ఉంటే రెండు గంటలకొకసారి మళ్ల పెట్టాలె. బస్సుల ఎండ పడని దిక్కు సీటు చూసుకో, స్కార్ఫ్ కట్టుకో. సమయం మంచిగ దొరికింది నీకు, చలికాలం. మన దిక్కు ఏప్రిల్, మే ఎండల్ల నేనైతే ఎవరికి పీల్ మొదలుపెట్టమని చెప్పను, పొలం పనికి పోయేటోళ్లకు అసలే చెప్పను.

పీల్ అయినంక వారం దాక మెత్తటి ఫేస్‌వాష్, మాయిశ్చరైజర్, సన్‌స్క్రీన్. ఇంకేం వద్దు. వంటింట్ల పొయ్యి సెగకు మొఖం పెట్టకు. పొక్కు లేసినా, రసి కారినా, ఒక చోట ఎర్రదనం తగ్గకున్నా ఆ రోజే ఫోన్ చెయ్యి, వారం చూద్దాం అనుకోకు. ఎర్రగున్నప్పుడే మందు పెడితే నలుపు కాకుండ ఆపొచ్చు.

పాలమూరుపిల్ల (మహబూబ్‌నగర్)

రెండు వేళ్ల పొడుగు! నేను పెట్టేది దాంట్ల పావు కూడ ఉండది. థాంక్స్ సిస్టరమ్మా. పార్లర్ ఆమెకు వద్దని చెప్పేసిన.

భువనగిరి డెలివరీ

మగోళ్లం కూడ అడగొచ్చా? నేను బైక్ మీద డెలివరీ చేస్త. గడ్డం గీసిన కాడల్లా గడ్డలు లేసి నల్లమచ్చలు అయితున్నయ్, మెడ దాక. దీనికి పీల్ ఉంటదా? చేయించుకుంటె షేవింగ్ ఎట్ల?

డీవీఎల్ పీజీ (నల్గొండ)

తప్పకుండా అడగొచ్చు. గీసిన వెంట్రుక వంకరగా మళ్లీ చర్మంలోకే గుచ్చుకుంటే ఆ గడ్డలు వస్తాయి. గ్లైకాలిక్, సాలిసిలిక్ పీల్స్ దీనికి పనికొస్తాయి. పైపొరను పల్చన చేసి వెంట్రుకకు దారిస్తాయి, మచ్చలనూ తగ్గిస్తాయి. అయితే మీరు రోజంతా ఎండలో ఉంటారు కాబట్టి తక్కువ శాతంతో, చలికాలంలోనే మొదలుపెట్టించుకోండి. పీల్‌కు ముందు రోజు, ఆ రోజు రేజర్ వద్దు. తర్వాత పొట్టు పూర్తిగా రాలేదాకా కూడా వద్దు, అప్పుడు కూడా నున్నగా గీయకుండా ట్రిమ్మర్‌తో కొంచెం వెంట్రుక మిగిల్చండి. హెల్మెట్ మానకండి. గదుమ కింద పట్టీ రాసుకోకుండా మెత్తటి నూలు గుడ్డ చుట్టి, ఆ గుడ్డను రోజూ ఉతకండి.